మొదటి పేజీ ఎవరూ చదవరు

మార్చి 3

పేచీకి,

మావయ్య దీవెనలు. ఇక్కడ అందరం కులాసా అని రాద్దామని కూర్చున్నాను గానీ, లాయరుకి అబద్ధం రాస్తే ఇట్టే పట్టేస్తుందని భయమేసింది.

నలభై ఏళ్ళొచ్చిన లాయరమ్మని ఇంకా పేచీ అని పిలుస్తావేమిటని మీ అత్తయ్య గొణుగుతోంది. నాలుగేళ్ళప్పుడు ఊరికే పెట్టేదానివి, ఇప్పుడు ఫీజు పుచ్చుకుని పెడుతున్నావు. తేడా అంతేగా! ఫోన్ మాత్రం చెయ్యకు. ముప్పై మూడేళ్ళు అద్దాలు అరగదీసే మిషను పక్కన కూర్చున్న చెవులివి. నువ్వక్కడ గొంతు చించుకోవడం, నేనిక్కడ "ఆఁ, ఆఁ" అనడం, చివరికి ఇద్దరం అలిసిపోయి పెట్టెయ్యడం. ఉత్తరమే నయం.

సంగతేమిటంటే, మొన్న దుకాణం మూసేవేళ ఓనరుగారు రెండు పేజీల టైపు కాగితం నా చేతిలో పెట్టారు. "ఇంటికెళ్ళి నిదానంగా చదువుకో. నెలాఖరులోగా సంతకం పెట్టి ఇవ్వు" అన్నారు. అంతే, తాళం వేసుకుని వెళ్ళిపోయారు. ఇన్నేళ్ళలో మా ఇద్దరి మధ్య కాగితమన్నది లేదు. అప్పట్లో "రేపట్నుంచి రా" అన్నారు, వెళ్ళాను. అదే నా ఉద్యోగం.

నువ్వెప్పుడూ చెప్తావుగా, ఒప్పందమనేది వెనక నుంచి చదవాలని, మొదటి పేజీ ఎవరూ చదవరని, "ఒకవేళ" అన్న మాట ఎక్కడ మొదలైతే అసలు కథ అక్కడేనని. సరే, నీ మాట ప్రకారమే వెనక పేజీ తిప్పాను. ఉన్నదున్నట్టు రాస్తున్నాను:

"ఒకవేళ దుకాణం విడిచి వెళ్ళిన పక్షంలో, రెండేళ్ళ వరకు ఈ ఊళ్ళో మరే కళ్ళజోళ్ళ దుకాణంలోనూ పని చేయరాదు, సొంతంగా పెట్టరాదు. మిషన్లు, పనిముట్లు అన్నీ దుకాణానికే చెందును. దుకాణం పనికి సంబంధించిన ఏ విషయమూ బయట చెప్పరాదు."

పనిముట్లట! నా పట్టకారు కూడానా? నా మొదటి నెల జీతంతో కొనుక్కున్నది అది. అక్కడితో చదవడం ఆపేసి కాగితం మడిచేశాను. మొదటి పేజీలో "ఇతను నా దగ్గర చేరి" అంటూ ఏవో పొగడ్తలు మొదలయ్యాయి. పొమ్మనేవాడు పొగడకుండా ఎలా పొమ్మంటాడులే.

"రోజూ గంట ముందే పోయి దుకాణం తలుపు తీస్తావు, ఎవడడిగాడు నిన్ను? ఇదిగో ఫలితం" అంటోంది మీ అత్తయ్య. నాకు యాభై తొమ్మిది వెళ్ళాయి. ఆ స్టూలు మీద నుంచి లేపితే ఇంకెక్కడ కూర్చోవాలో తెలియడం లేదు పేచీ. ఏం చెయ్యాలో రాయి.

నీ
మావయ్య

మార్చి 9

మావయ్యా,

నీ ఉత్తరం ఆఫీసుకే తెప్పించుకుని చదివాను. చదివినప్పటి నుంచీ ఒళ్ళు మండుతోంది.

నువ్వు సంతకం పెట్టకు. మిగతావన్నీ తర్వాత. నేను పదిహేనేళ్ళుగా చేసే పనే ఇది. పెద్ద కుర్చీల్లో కూర్చునేవాళ్ళకి జీతమెంత, బోనసెంత, షేర్లెన్ని అన్నది రాయడానికి ఒక్క పూట చాలు. తీసేస్తే ఏమివ్వాలి, తనే పోతే ఏమివ్వాలి, ఏది "తప్పు" కిందకి వస్తుంది, పోయాక ఎక్కడ చేరకూడదు, ఎవరితో ఏం మాట్లాడకూడదు అన్నదానికే నెలలు పడతాయి. పెళ్ళినాడే విడాకుల కాగితం రాసిపెట్టే ఉద్యోగం నాది. నీ వెనక పేజీలో ఉన్న మూడు షరతులూ నేను కొన్ని వందలసార్లు రాసినవే. అవి ఎవరి చేతికి ఎప్పుడిస్తారో నాకు తెలుసు. మొదటి పేజీ పంపనక్కర్లేదు. చూడకుండానే చెప్పగలను. "విశ్వాసపాత్రుడు, కష్టజీవి." అంతేగా?

ఇప్పుడు కూడా అలాంటి ఒక కుర్చీ ఆయన పని మీదే ఉన్నాను. పేరు అడక్కు, కంపెనీ అడక్కు. నేను కంపెనీ బోర్డు తరఫున. నాలుగేళ్ళు కూర్చున్న కుర్చీలోంచి ఆయన్ని లేపుతున్నారు. ఆయన కేకలేస్తే మేము కాగితం చూపిస్తాం, మేము కేకలేస్తే ఆయన కాగితం చూపిస్తాడు. నీకలాంటి కాగితం లేదు. అందుకే ముందుగా నువ్వే గట్టిగా మాట్లాడాలి.

కింద రాసింది నీ చేత్తో తిరగరాసి ఆయనకివ్వు. టైపు చేయించకు. లాయరు రాసిందని తెలిస్తే ఆయనా ఒక లాయరును తెచ్చుకుంటాడు.

"యజమానిగారికి, తమరిచ్చిన కాగితంలోని షరతులు నాకు సమ్మతం కావు. నన్ను తొలగించే ఉద్దేశమున్నట్లయితే నా తప్పేమిటో రాతపూర్వకంగా తెలియజేయవలెను. ఈ దుకాణానికి వచ్చిన పేరు నా చేతిపని మీద ఆధారపడి ఉన్నదని తమరికి తెలియనిది కాదు. నేను లేని పక్షంలో ఇక్కడి అద్దాల నాణ్యత ఏపాటిదో ఊరందరికీ తెలియడానికి ఎక్కువ కాలం పట్టదు."

ఆఖరి వాక్యం కాస్త ఘాటుగా ఉందని తీసెయ్యకు. బేరంలో మన బలమేమిటో అవతలివాడికి గుర్తు చెయ్యాలి. ఆ వాక్యం ఎంతమందికో పనిచేసింది.

నీ పక్క స్టూలు మీద కూర్చుని ఎక్కాలు బట్టీ పట్టినదాన్ని నేను. అద్దం మీద చుక్క ఎందుకు పెడతారని అడిగితే, "కంటిపాపకి ఎదురుగా రావాల్సిన చోటది. అద్దం ఎంత మంచిదైనా చుక్క తప్పిందా, తలనొప్పే" అన్నావు. ఆ స్టూలు నిన్ను దాటి ఎక్కడికీ పోదు. నేనున్నాను.

నీ
పేచీ

మార్చి 15

పేచీకి,

చెప్పినట్టే చేశాను. చేసిన దగ్గర్నుంచీ అన్నం సయించడం లేదు.

నీ ఉత్తరం అందిన రోజే కూర్చుని తిరగరాశాను. ఆ ఆఖరి వాక్యం దగ్గర చెయ్యి ఆగింది. కలం మూత పెట్టేశాను కూడా. లాయరమ్మ కదా, తెలిసే రాసుంటుందని మళ్ళీ మూత తీశాను.

పదమూడో తారీకు పొద్దున ఆయన చేతికిచ్చాను. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి అటు తిప్పి ఇటు తిప్పి, "జోడు ఇంట్లో మర్చిపోయాను, నువ్వే చదువు" అన్నారు. కళ్ళజోళ్ళ దుకాణంలో! చుట్టూ నాలుగొందల జోళ్ళు వేలాడుతున్నాయి. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చదివాను. నా చెవుల సంగతి నీకు తెలుసుగా, నా గొంతు నాకే వినపడదు, అందుకని గట్టిగా చదువుతాను. జోడు బిగించుకోవడానికొచ్చిన టీచరమ్మ ఒకావిడ కౌంటరు దగ్గరే ఉంది. మొత్తం ఆవిడా వింది. ఆఖరి వాక్యం అయ్యేసరికి ఆవిడ తన పాత జోడే పెట్టుకుని మెల్లగా బయటికి నడిచింది.

ఓనరుగారు కాగితం మడిచి సొరుగులో పెట్టుకున్నారు. ఆ రోజు నుంచి మాట్లాడడం మానేశారు. సాయంత్రం తను చుక్కలు పెట్టిన అద్దాల ట్రే ఎప్పట్లాగే నా బల్ల మీద పెట్టి వెళ్ళిపోతున్నారు. ఇదివరకు ట్రే పెట్టి, వాతావరణం గురించో, మోకాలి నొప్పి గురించో ఒక మాట అనేవారు. ఆ ఒక్క మాట కోసం నేనింత ఎదురుచూస్తానని నాకే తెలియదు.

నువ్వు రాసింది న్యాయంగానే ఉండొచ్చు. కానీ ఆయన మొహం చూస్తే, నేనేదో కొట్టినట్టుంది.

నీ
మావయ్య

మార్చి 19

మావయ్యా,

ఎందుకంత బెంగ? మౌనం మంచి లక్షణం. మా దగ్గర బోర్డుగదిలో అవతలివాళ్ళు నోరు మూసుకున్నారంటే లోపల లెక్కలు వేసుకుంటున్నారని అర్థం. ముందు నోరు తెరిచినవాడిదే ఓటమి. నువ్వు తెరవకు.

ఆ ఆఖరి వాక్యంలో తప్పేముందో నాకు అర్థం కాలేదు. నువ్వు లేకపోతే పని పాడవుతుందన్నది నిజమే కదా. ఉన్నమాటంటే ఉలుకెక్కువ. ఆయనకి బాధ కలిగిందంటే గుచ్చుకోవాల్సిన చోటే గుచ్చుకుందన్నమాట. నాకు ఆయన మీద జాలేమీ కలగడం లేదు. ముప్పై మూడేళ్ళు పక్కన కూర్చున్న మనిషికి, పట్టకారుతో సహా వదిలి పొమ్మని టైపు చేయించి ఇస్తాడా?

ఇక్కడ కుర్చీ ఆయన కాగితం ఆఖరికి వచ్చింది. తొమ్మిదిసార్లు తిరగరాశాం. నిన్న మొదటి పేజీలో నాలుగు వాక్యాలు నేనే కొట్టేశాను. "ఈయన హయాంలో కంపెనీ కష్టకాలం దాటింది" లాంటివి. కంపెనీ వాళ్ళెవరో ముచ్చటపడి రాశారు. రేపు ఈయన చేసిన తప్పేదైనా బయటపడి కోర్టుకెళ్తే, "మీరే పొగిడారుగా" అని అదే కాగితం మా మొహాన కొడతారు. పొగడ్తకి చట్టంలో విలువ లేదు గానీ ప్రమాదం మాత్రం ఉంది. అందుకని కొట్టేశాను. ఆఫీసులో అందరూ భేష్ అన్నారు.

ధైర్యంగా ఉండు. అత్తయ్యని బెంగపెట్టుకోవద్దను.

నీ
పేచీ

మార్చి 22

లాయరుగారికి,

నీ ధైర్యం నీ దగ్గరే పెట్టుకో. ఈ ఉత్తరం కోపంగా రాస్తున్నాను, కోపంగానే చదువు.

నిన్న ఓనరుగారు నోరు తెరిచారు. నువ్వు చెప్పిన లెక్క ప్రకారం ఆయన ఓడిపోయినట్టు. "మొదటి పేజీ చదివాక కూడా ఆ మాట ఎలా రాయబుద్ధేసింది నీకు?" అన్నారు. రెండుసార్లు అడిగించుకున్నాను, వినపడక. మాటలు నావి కావండీ, మా మేనకోడలు నేర్పినవి అన్నాను. దానికాయన ఏమన్నారో తెలుసా? "మాటలు ఎవరివైతేనేం, చేతిరాత నీదే కదా" అన్నారు.

ఇంటికొచ్చి, కాళ్ళు కూడా కడుక్కోకుండా, మడిచిపెట్టిన కాగితం తీసి మొదటి పేజీ చదివాను. మొదటిసారి.

ఒకటో తారీకు నుంచి దుకాణంలో సగం నాదని రాశారే పిచ్చిపిల్లా! పొమ్మనడం కాదు, పక్కన కూర్చోమనడం. వెనక పేజీలో ఉన్న షరతులు మా ఇద్దరికీ. ఆయన వెళ్ళిపోయినా ఆయనకీ అవే. టైపు చేసినవాడు, "భాగస్తుల కాగితమంటే ఇవి ఉండాలండీ" అని తన దగ్గరున్న నమూనాలోంచి దించాడట. ఓనరుగారు చెప్పి రాయించింది మొదటి పేజీ ఒక్కటే.

అందులో ఇంకో సంగతి కూడా ఉంది. అది ఆయన సొంత గుట్టు. దాన్ని ఆయన తన నోటితో చెప్పుకుని నా చేతిలో పెడితే, జవాబుగా నేను "ఊరందరికీ తెలియడానికి ఎక్కువ కాలం పట్టదు" అని రాసిచ్చాను. రాసివ్వడమే కాదు, పరాయి మనిషి ముందు గొంతెత్తి చదివాను. ఆ గుట్టేమిటని అడక్కు. నీ కుర్చీ ఆయన పేరు నువ్వు చెప్తావా? ఇదీ అంతే. ఆ గుట్టు నాకు ముందు నుంచీ తెలుసు, దానివల్లే మొదట్లో నా చెయ్యి ఆగింది. ఆగిన చేతిని నేను నమ్మలేదు, నిన్ను నమ్మాను.

తప్పు నీ ఒక్కదానిదే అనను. నీ మాట పట్టుకుని నేనూ వెనక నుంచే చదివాను. రోజూ ఊళ్ళోవాళ్ళకి చూపు అమరుస్తాను, ఇంట్లో ఉన్న కాగితం చదువుకోలేకపోయాను. నీ తెలివీ నా తెలివీ కలిపితే ఆ మనిషి మనసు విరిగింది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. ఇప్పుడు కడుక్కోవడానికి నీళ్ళు కూడా కనపడ్డం లేదు.

నెలాఖరు ఇంకా తొమ్మిది రోజులుంది. సగం దుకాణం రాకపోయినా ఫరవాలేదు. ఆయన మళ్ళీ ట్రే పెట్టి మోకాలు నొప్పిగా ఉందని ఒక్క మాటంటే చాలు నాకు.

మావయ్య

మార్చి 25

మావయ్యా,

నన్ను తిట్టిన ఉత్తరాన్ని మూడుసార్లు చదివాను. మొదటి నుంచే చదివాను.

క్షమించమని అడగడానికి మొహం చెల్లడం లేదు. నాకు ఒక్క పేజీ చాలనుకున్నాను. మావయ్యా, ఆ మొదటి పేజీ పంపమని నేను అడగలేదు. పంపనక్కర్లేదని కూడా చెప్పాను. నా దగ్గర పనిచేసే జూనియరు ఇలా చేసుంటే ఆ రోజే ఇంటికి పంపేదాన్ని.

ఇంకో మాట చెప్పాలి, నిజానికి చెప్పకూడదు. నిన్న కుర్చీ ఆయన సంతకాలకి వచ్చాడు. డబ్బు గురించి ఒక్క ప్రశ్న వెయ్యలేదు. మొదటి పేజీ తీసి వేలు పెట్టి చూపించి, "ఇక్కడ నాలుగు వాక్యాలుండేవి, ఏమయ్యాయి?" అన్నాడు. చట్టపరంగా వాటికి విలువ లేదండీ అన్నాను. "నాకు తెలుసు. మిగతా పన్నెండు పేజీలు మా ఇంట్లో ఎవరికీ చూపించలేను లాయరుగారూ. చూపించుకోగలిగినవి ఆ నాలుగే" అన్నాడు. కరుకు మనిషి, నాలుగు నెలలు నాకు నిద్ర లేకుండా చేశాడు. ఆ మాట అనేటప్పుడు మాత్రం బల్లకేసి చూస్తున్నాడు. అప్పటికి నీ ఉత్తరం నా సంచిలోనే ఉంది, ఇంకా విప్పలేదు. బోర్డు వాళ్ళతో అరగంట వాదించి ఆ నాలుగు వాక్యాలూ తిరిగి పెట్టించాను. ఎందుకంత పట్టుబట్టానో అప్పుడు నాకే తెలియలేదు. సాయంత్రం ఇంటికొచ్చి నీ ఉత్తరం విప్పాక తెలిసింది.

దీంతోపాటు ఓనరుగారికి వేరే ఉత్తరం పెట్టాను. నువ్వు తిరగరాసిచ్చిన ఆ మాటలు నావని, నీ కాగితం నీకన్నా ముందు నేనే తప్పుగా చదివానని, నువ్వు కలం మూత పెట్టేసిన సంగతితో సహా రాశాను. నువ్వే చదివి వినిపించు. ఈసారి తలుపు వేసి చదువు.

ఇంకో కాగితం కూడా ఉంది. వెనక పేజీ మళ్ళీ రాశాను. వెనక పేజీ లేకుండా సంతకాలు పెట్టమని చెప్పలేను మావయ్యా, అది నా వల్ల కాదు. నాలుగే వాక్యాలు. నచ్చనివి కొట్టెయ్యమని చెప్పు. నీ పట్టకారు మాత్రం నీదే.

గుట్టు అడగను.

పేచీ

మార్చి 31

చిరంజీవి పేచీకి,

మావయ్య, అత్తయ్య, ఓనరుగారు, ముగ్గురి దీవెనలు. వరస చూసి సంగతి నీకు అర్థమయ్యే ఉంటుంది. అయినా పూర్తిగా చదువు.

ఇరవై ఎనిమిదిన నీ ఉత్తరం అందింది. మధ్యాహ్నం తలుపు దగ్గరగా వేసి ఆయనకి చదివి వినిపించాను. కలం మూత దగ్గరికొచ్చేసరికి, "మళ్ళీ చదువు" అన్నారు. చదివాను. నీ వెనక పేజీ కూడా చదివించుకున్నారు. మూడు వాక్యాలు కొట్టించేశారు, "ఈ పిల్లకి మనుషులంటే ఇంకా భయం పోలేదు" అంటూ. ఒక్కటి ఉంచారు: "వెళ్ళాలనుకున్నవాళ్ళు ఆ మాట ముందు నోటితో చెప్పాలి, తర్వాతే కాగితం." పట్టకారు సంగతి ఆయన చెప్తుంటే నేనే కింద కలిపి రాశాను.

ఈ రోజు సంతకాలు చేశాం. మొదటి పేజీ నీకు పంపనా అని అడిగితే, "పంపు, చెడగొట్టినమ్మాయి చూడొద్దూ" అన్నారు. అందుకని ఒక్క అక్షరం పోకుండా దించుతున్నాను. ఇది ఆయన చెప్పి టైపు చేయించింది:

"ఇతను నా దగ్గర చేరి ముప్పై మూడేళ్ళయింది. చేరినరోజు జీతమెంతని అడగలేదు, నేనూ చెప్పలేదు. నెల తిరిగాక ఇద్దరికీ గుర్తొచ్చింది. మూడేళ్ళుగా నా చూపు తగ్గుతోంది. ఇది కళ్ళజోడుతో పోయేది కాదని డాక్టరు చెప్పాడు. సాయంత్రం నేను అద్దాల మీద పెట్టే చుక్కలు పక్కకి పోతున్నాయి. పొద్దున్నే ఇతను గంట ముందు వచ్చి, వాటిని తుడిచేసి సరైన చోట పెట్టి, అప్పుడు అరగదీస్తున్నాడు. నాతో ఒక్కనాడూ అనలేదు. ఇంకెవరితోనూ అనలేదని నాకు తెలుసు, అనివుంటే ఈ దుకాణానికి ఎవరూ వచ్చేవాళ్ళు కాదు. ఈ సంగతి నాకు తెలియదనుకుంటున్నాడు. చూపు తగ్గినా ఇది నాకు కనిపిస్తూనే ఉంది. అందుచేత ఒకటో తారీకు నుంచి దుకాణంలో సగం ఇతనిది. ఇచ్చానని అనను. మూడేళ్ళ కిందటే ఇతనిదైంది, ఇప్పుడు రాస్తున్నాను."

అదీ సంగతి. ఇప్పుడు అర్థమైందా, మనం ఆయనకి ఏం రాసిచ్చామో.

నేనొక మాట అడిగాను. చేతిరాత నాదే కదా, ఆ మాట నా మనసులోది కాదని ఎలా నమ్మారండీ అన్నాను. నీ ఉత్తరం చూసి నమ్మారేమో అనుకున్నాను. కాదట. "పదిహేను రోజులు నీతో సరిగ్గా మాట్లాడలేదు. చుక్కలు మాత్రం రోజూ పెట్టి ట్రే నీ బల్ల మీద ఉంచాను. ఆ పదిహేను రోజుల్లో జోడు తీసుకెళ్ళిన ఒక్కరు కూడా తలనొప్పని తిరిగి రాలేదు. అంత కోపంలో కూడా నువ్వు గంట ముందే వచ్చావు" అన్నారు. కోపం నాకెక్కడిదండీ అన్నాను. ఆయన ట్రే తెచ్చి నా బల్ల మీద పెట్టారు. తర్వాత ఆయన మోకాలు నొప్పిగా ఉందన్నారు.

రేపటి నుంచి చుక్కలు పెట్టేది నేనే, కౌంటరు చూసేది ఆయన. టీచరమ్మ కూడా నిన్న తిరిగొచ్చింది, కొత్త జోడు కోసం. ఇంక ముందే పోయి చేసేదేముందని మీ అత్తయ్య అడిగింది. ఏముంది, అలవాటు. రేపూ గంట ముందే వెళ్తున్నాను.

నీ
మావయ్య